పిండి ఒక్కసారే రుబ్బుదాం

పోయిన సెమిస్టర్ మా క్లబ్ కథల పోటీ ఫలితాలు పెట్టిన సాయంత్రమే సర్వర్ పడిపోయింది. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ అది. "పెద్దది తీసుకుందాం" అన్నారు సీనియర్లు. కానీ ఫండ్‌లో ఉన్నవి బహుమతుల డబ్బులే. అందుకని ముందు లాగ్స్ తెరిచి చూశాను.

తప్పు నా కోడ్‌దే. ఫలితాలు ఎవరు చూసినా పీహెచ్‌పీ మొదటి నుంచి నడుస్తోంది, డేటాబేస్‌ని మళ్లీ అడుగుతోంది. అందరికీ వెళ్లేది అదే జాబితా! టిఫిన్ సెంటర్లో ఒక్కో దోశకీ విడిగా పిండి రుబ్బినట్టన్నమాట.

దీనికి మందు క్యాషింగ్. ఒకసారి తయారైన పేజీని ఇంజిన్‌ఎక్స్ 60 సెకన్లు దాచుకుంటుంది. సెకనుకి 10 మంది వస్తున్నారనుకోండి, నిమిషానికి 600 సార్లు చేసే పని ఒక్కసారితో అయిపోతుంది. లాగిన్ అయిన వాళ్ల పేజీలు మాత్రం ఇలా దాచకూడదు. ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది.

రెండోది ప్రాసెస్‌ల లెక్క. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 50 ఎంబీ తింటే, 20 ప్రాసెస్‌లకే 1 జీబీ అయిపోతుంది. నేను పరిమితి 50 పెట్టాను! మెమరీ చాలక డిస్క్ మీద స్వాప్ మొదలైంది, ఇక అంతా నత్తనడకే. డేటాబేస్‌కి కూడా చోటు కావాలి కదా, అందుకే 8కి తగ్గించాను. మిగతావాళ్లు కాసేపు లైన్లో ఉంటారు, సర్వర్ మాత్రం నిలబడుతుంది.

మూడోది ఫోటోలు. ఫోన్‌లో తీసినవి అలాగే ఎక్కించకుండా, సైజు తగ్గించి వెబ్‌పీలోకి మార్చాను.

ఈ సెమిస్టర్ ఫలితాలూ అదే సర్వర్ మీద పెట్టాం. పడలేదు. బహుమతుల డబ్బులు బహుమతులకే వెళ్లాయి.