మినిట్స్‌లో ‘నెమ్. కాన్.’ అంటే ఏమిటి?

సంఘం పాత మినిట్స్ పుస్తకాలు తిరగేసిన యువ సభ్యులు కొందరు, తీర్మానాల చివర ‘నెమ్. కాన్.’ అని ఉందేమిటని మమ్మల్ని అడిగారు. అది ‘నెమినే కాంట్రాడిసెంటే’ అనే లాటిన్ మాటకు పొట్టిరూపం. ‘ఎవరూ ఎదురు చెప్పకుండా’ అని అర్థం. బ్రిటన్ కామన్స్ సభ వాడుక ఇది. అక్కడి ప్రభువుల సభలో ‘నెమ్. డిస్.’ అంటారు. ఆఫీసుల్లో మా పై గుమాస్తాలు రాసేవారు, మేమూ రాశాం.

ఇది, ‘యునానిమస్’ ఒకటి కాదు. యునానిమస్ అంటే అందరూ ఔనన్నారని. నెమ్. కాన్. అంటే కాదన్నవారు లేరని మాత్రమే. మౌనంగా ఉన్నవారు ఉండవచ్చు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల ప్రకటనకు 48 దేశాలు ఔనన్నాయి, 8 తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. అది నెమ్. కాన్.

మన తెలుగులో రెండింటికీ ‘ఏకగ్రీవం’ అనే వాడేస్తాం. గ్రీవం అంటే మెడ. 1977లో నీలం సంజీవరెడ్డి గారు ‘ఏకగ్రీవంగా’ రాష్ట్రపతి అయ్యారంటాం. నిజానికి 37 నామినేషన్లలో 36 తిరస్కరించారు, పోలింగే జరగలేదు. (ఆయన చివరికి కన్నుమూసింది మన బెంగళూరులోనే, 1996లో.) ఇక్కడి కన్నడ పత్రికలు ఇటువంటిదాన్ని ‘అవిరోధ ఆయ్కె’ అంటాయి, అందరూ ఒప్పుకుంటే ‘సర్వానుమత’. ఈ విషయంలో కన్నడమే నయం.

ఇదంతా ఎందుకంటే, కొన్నేళ్ల కిందట హాలు అద్దె పెంచే తీర్మానాన్ని మేమే ‘ఏకగ్రీవంగా’ అని రాశాం. ఇద్దరు పెద్దలు చెయ్యెత్తలేదు, అడ్డూ చెప్పలేదు. అద్దె రసీదులు చూశాక వచ్చి, “సెక్రటరీ గారూ, మేం ఒప్పుకున్నట్టు ఎలా రాశారండీ?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. తర్వాతి సమావేశంలో మినిట్స్ ఆమోదానికి వచ్చినప్పుడు ఆ మాట కొట్టేసి, ‘ఎవరూ వ్యతిరేకించలేదు, ఇద్దరు తటస్థం’ అని దిద్దాం. అద్దె మారలేదు. ఆ ఇద్దరూ మాత్రం సమావేశాలకు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

నియమావళి మార్పు వంటివాటికి ఈ పొట్టిమాటలు చాలవు. హాజరైనవారిలో ఇన్ని వంతులు ఒప్పుకోవాలని నియమం ఉన్నచోట చేతులు లెక్కపెట్టి అంకె వేయాల్సిందే. వచ్చే సర్వసభ్య సమావేశం నుంచి ప్రతి తీర్మానం కింద అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అని మూడు గడులు గీస్తున్నాం. మౌనంగా ఉండదలచినవారు ఆ మాట ఒక్కసారి పైకి చెప్పండి, రాసుకుంటాం.