బాతెల్‌లో సైకిలూ, ధ్యానమూ

యాభై దాటాక మనకి నిద్ర కరువే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! అర్ధరాత్రి ఫోన్ మోగితే ఊళ్లో అమ్మానాన్నలకు ఏమైందోనని గుండెదడ. సియాటెల్ పక్కనున్న బాతెల్‌లో మేం సైకిల్‌నే నమ్ముకున్నాం. ఇక్కడి బర్క్-గిల్మన్ బాట ఒకప్పుడు రైలు దారి. 1978లో మొదటి భాగం జనానికి తెరిచారు. రైలు నడిచిన చోటు కదా, పెద్ద ఎత్తుపల్లాలుండవు. మోకాళ్లనొప్పుల వాళ్లకూ ఫర్వాలేదు. బాతెల్ దగ్గరే సమామిష్ నది బాట కలుస్తుంది. ఏటి వెంబడి రెడ్‌మండ్ దాకా పోవచ్చు. వేగం ఎందుకండీ! ఇంటికొచ్చి పావుగంట కళ్లు మూసుకుని శ్వాసను గమనిస్తే చాలు. ఒళ్లు అలిశాక కూర్చోవడం తేలిక.

ఇంకా కావాలనుకుంటే ఈ రాష్ట్రంలోనే ఒనలాస్కాలో విపశ్యన కేంద్రం ధమ్మకుంజ ఉంది. 10 రోజుల శిబిరం, ఫీజు లేదు. కానీ ఫోన్ అప్పగించాలి. మనం జంకేది అక్కడే! అత్యవసరానికి కేంద్రం నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లడమే.