పూతమీద కొన్న తోట

నూజివీడు ప్రాంతాన పూతమీదనే మామిడితోట కొన్న వర్తకునితో రైతు "కాయలన్నీ నీవే" అన్నాడనుకొందాము. పూత మాడి ఒక్క కాయా నిలువలేదు. ఆ మాట అసత్యమా?

ఇబ్న్ సీనా (980–1037) మతాన అసత్యమే. లేనిదానిని గూర్చి ‘ఇది ఇట్టిది’ అనే వాక్యం నిలువదు. కనుక ‘అన్నీ నీవే’ అన్నచో ‘కొన్నైనా ఉన్నవి’ అని సిద్ధిస్తుంది. నేటి ప్రథమశ్రేణి తర్కంలో సిద్ధించదు. వర్తకునిది కాని కాయ ఒక్కటైనా చూపనిదే రైతు మాట అసత్యం కాదు. (వర్తకుడు ఒప్పుకొనునా అన్నది వేరు!) వాక్యాలు అవే; మనము ఎంచుకొన్న అర్థనియమం వేరైనందున చెల్లుబాటు మారినది.

కాయలు లేకున్నా చెట్లున్నవి. అసలు ఏదీ లేనిచో? విశ్వసమితి శూన్యం కారాదని ఈ తర్కం ముందే షరతు పెట్టినది. అందుచేతనే ‘ఏదో ఒకటి ఉన్నది’ అనేది ఇందులో సర్వదా చెల్లుతుంది. 1954లో క్వైన్ శూన్య విశ్వాన్నీ లెక్కలోనికి తీసుకొన్నాడు. అక్కడ ‘ప్రతిదీ’ అని మొదలైన వాక్యాలన్నీ సత్యం, ‘ఏదో ఒకటి’ అని మొదలైనవన్నీ అసత్యం.