ఎనిమిది బుడిపెల ఇటుక

పిల్లలూ! అరవై ఏళ్లు దాటిన పెద్దమనిషి, ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో "ఆటలు చాలించి పుస్తకాలు తియ్యండర్రా" అని గద్దించినవాడు, చాప పరుచుకుని బొమ్మ ఇటుకలతో ఇల్లు కడుతూ కూచుంటే మీరేమంటారు? నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. ఆ పెద్దమనిషిని నేనే.

ఇట్లాటివాణ్ణి నేనొక్కణ్ణే కాను. డెన్మార్కులో, జర్మనీలో, అమెరికాలో, జపానులో, మన దేశంలో కూడా ఈ సరదా గల పెద్దవాళ్లున్నారు. వాళ్లలో ఒక చమత్కారమైన మాట వాడుకలో ఉన్నది. "ఇక మనం పెద్దవాళ్లమైనాం" అని ఇటుకల డబ్బాను అటక ఎక్కించిన రోజు మొదలు, మళ్లీ దాన్ని కిందికి దించిన రోజు వరకూ గడిచిన కాలాన్ని వాళ్లు "చీకటియుగం" అంటారు! నాకు చీకటియుగమంటూ లేదు. ఎందుకంటే నా చిన్నతనంలో మా ఊళ్లో ఈ ఇటుకలే లేవు. తాటికాయల బండీ, బంకమట్టి ఎడ్లూ ఉండేవి. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక, మా మనవడి డబ్బాలో చెయ్యి పెట్టటంతో నాకీ పిచ్చి పట్టింది.

నేను కట్టిన మొదటి భవనం ఎట్లా కూలిందో, అప్పుడు నేనేం తప్పు చేశానో చివర చెబుతాను. ముందు ఈ ఇటుక పుట్టుక వినండి.

డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన 1916లో అక్కడ ఒక పనిశాల కొని, ఇళ్లకు కావలసిన చెక్కపని చేస్తూ వచ్చాడు. 1924లో ఆయన చిన్నకొడుకులు జిగురు వేడిచేసే పొయ్యి వెలిగించబోతే చెక్కపొట్టు అంటుకుని పనిశాలా, ఇల్లూ కాలిపోయినవి. మళ్లీ కట్టుకున్నాడు. ఇంతలో ప్రపంచమంతటా గడ్డురోజులు వచ్చినవి. రైతుల చేతిలో డబ్బు లేదు. ఇళ్లు కట్టించేవారే లేరు. అప్పుడు, 1932లో, ఆయన నిచ్చెనలూ, ఇస్త్రీ బల్లలూ, వాటితోపాటు చెక్కబొమ్మలూ చెయ్యసాగాడు. 1934లో తన బొమ్మలకు "లెగో" అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో "బాగా ఆడుకో" అని అర్థం వచ్చే రెండు మాటల మొదళ్లు కలిపితే ఆ పేరు వచ్చింది.

ఆ రోజుల కథ ఒకటి ఆ కంపెనీవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓలె కిర్క్ కొడుకు గాట్‌ఫ్రెడ్ ఒకనాడు చెక్క బాతులకు మూడు పూతల వార్నీషు వెయ్యవలసింది, రెండే పూతలు వేసి రైలు స్టేషనుకు పంపించేశాడు. ఆ సంగతి సంతోషంగా తండ్రితో చెప్పి, "ఇంత డబ్బు మిగిల్చాను!" అన్నాడు. తండ్రి మెచ్చుకోలేదు. "వెంటనే వెళ్లి ఆ బాతులను తిరిగి తీసుకురా. మూడో పూత వేసి, మళ్లీ కట్టలు కట్టి పంపు. రాత్రంతా పట్టినా సరే, నువ్వొక్కడివే చెయ్యాలి" అన్నాడు. కుర్రవాడు అట్లాగే చేశాడు. ఆ మూడో పూతను గుర్తుపెట్టుకోండి. దానితో మనకు పని ఉన్నది.

1942లో కార్ఖానా మళ్లీ కాలిపోయింది. యుద్ధం ముగిశాక ఓలె కిర్క్ ఇంగ్లండు నుంచి ప్లాస్టిక్కును కరిగించి అచ్చులో పోసే యంత్రం కొన్నాడు. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అప్పటికే బుడిపెలున్న ప్లాస్టిక్కు ఇటుకలు చేసి అమ్ముతున్నాడు. వాటి నమూనా ఓలె కిర్క్ చేతికి వచ్చింది. దాన్ని కొద్దిగా మార్చి 1949లో ఆయన కూడా ఇటుకలు తయారుచేశాడు. కనక మొదటి ఊహ ఆయనది కాదు. ఎవరి పాలు వారికి ఇవ్వటం న్యాయం గదా!

అయితే ఆ మొదటి ఇటుకలో ఒక లోపం ఉన్నది. అడుగున అంతా బోలు. పై ఇటుక గోడలు మాత్రమే కింది ఇటుక బుడిపెలను పట్టుకునేవి. ఇల్లు కడితే నిలిచేది గాని, ఎత్తి పక్కన పెట్టబోతే ఊడిపోయేది. గట్టిగా పట్టుకునేట్టు చేస్తే పసిపిల్లలు లాగలేరు. సులువుగా ఊడేట్టు చేస్తే కట్టడం నిలవదు. చూశారా చిక్కు! ఇది విడిపోవటానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇటుక అడుగున గొట్టాలు పెట్టాలనే ఉపాయం తోచి, 1958 జనవరి 28న గాట్‌ఫ్రెడ్ దానికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. ఆ మార్చి నెలలోనే తండ్రి చనిపోయాడు.

మీ దగ్గర ఎనిమిది బుడిపెల ఇటుక ఉంటే తిరగేసి చూడండి. అడుగున మధ్యగా మూడు గొట్టాలు కనిపిస్తవి. రెండు ఇటుకలను కలిపినప్పుడు, కింది ఇటుక బుడిపె పై ఇటుక గోడకూ, గొట్టానికీ మధ్య దూరుతుంది. అక్కడి చోటు బుడిపెకు కాస్త ఇరుకు. ప్లాస్టిక్కు ఏ కొంచెమో సాగి, వెంటనే తన మామూలు ఆకారానికి రావాలని చూస్తుంది. అట్లా అది బుడిపెను నొక్కి పట్టుకుంటుంది. సీసాకు బిరడా బిగిసే పద్ధతి కూడా ఇదే. దీనికి మూలం రాపిడి. జిగురూ లేదు, మేకూ లేదు.

ఇందుకు కొలతలు చాలా నిక్కచ్చిగా ఉండాలి. ఈ ఇటుక పొడుగు 31.8 మిల్లీమీటర్లు, వెడల్పు 15.8, బుడిపెలు వదిలేస్తే ఎత్తు 9.6. ఒక బుడిపె నడుమ నుంచి పక్క బుడిపె నడుమకు సరిగా 8 మిల్లీమీటర్లు. అచ్చులో మిల్లీమీటరులో నూరోవంతు తేడా వచ్చినా పనికిరాదు. మన తలవెంట్రుక మందం అంతకన్న ఎన్నో రెట్లు ఎక్కువ! పైగా మొదట వాడిన ప్లాస్టిక్కు కాలం గడిచేకొద్దీ వంకర తిరిగేది, రంగు వెలిసేది. 1963లో ఏ.బి.ఎస్. అనే గట్టి ప్లాస్టిక్కు వాడటం మొదలుపెట్టారు. అందులో రబ్బరు గుణం గల పదార్థం కలిసి ఉంటుంది గనక, సాగి మళ్లీ బిగుస్తుంది. ఈ శ్రద్ధ ఫలితమేమిటంటే, 1958 నాటి ఇటుక మీద ఈనాటి ఇటుక పెట్టి నొక్కినా "టక్" మని అతుకుతుంది. తాత డబ్బాలోని ఇటుకా, మనవడి డబ్బాలోని ఇటుకా ఒకే గోడలో ఒదుగుతవి. బాతుల మూడో పూత ఎక్కడికి చేరిందో చూశారా?

ఇప్పుడు చిన్న లెక్క. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా అతికించవచ్చు? కింది ఇటుకను కదలనివ్వకండి. పైదాన్ని అదే దిక్కుగా పెడితే, పొడుగున 7 స్థానాలూ, వెడల్పున 3 స్థానాలూ దొరుకుతవి. 7ను 3 పెట్టి గుణిస్తే 21. పైదాన్ని అడ్డంగా తిప్పి పెడితే 5 ఇంటూ 5, అనగా 25. రెండూ కలిపి 46. కాని తొందరపడకండి. ఒక జతను బల్ల మీద సగం చుట్టు తిప్పి చూస్తే, అది మనం ఇదివరకే లెక్కపెట్టిన మరో జతలాగే ఉంటుంది. ఇట్లా 44 జతలు రెండేసి చొప్పున కలిసి 22 అవుతవి. సరిగా నెత్తిన పెట్టినదీ, సరిగా నడుమ అడ్డంగా పెట్టినదీ, ఈ రెండూ తిప్పినా మారవు. 22కు 2 కలిపితే 24. ఇదీ జవాబు. ఇటుకలు లేనివారు గళ్ల కాగితం మీద నాలుగు గళ్ల పొడుగు, రెండు గళ్ల వెడల్పుగల ముక్కలు రెండు కత్తిరించి చెయ్యవచ్చు.

మూడు ఇటుకలైతే 1,060 రకాలు. ఆరు ఇటుకలైతే? 10 కోట్ల 29 లక్షల 81 వేల 500 అని చాలాకాలం చెప్పుకునేవారు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రవేత్త అయిన సోరెన్ ఐలర్స్ ఆ లెక్కను తరచి చూశాడు. ఆరూ ఒకదాని మీద ఒకటిగా ఆరు అంతస్తులు లేచినప్పటి లెక్క మాత్రమే అది! ఒకే వరుసలో పక్కపక్కన రెండు ఇటుకలు వచ్చేవాటిని వదిలేశారు. ఆయన కంప్యూటరుతో అన్నిటినీ లెక్కపెట్టించితే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 వచ్చింది. ఆరంటే ఆరు ఇటుకలకు! పెద్దలు చెప్పిన లెక్కనైనా మరోసారి చేసి చూడటం మంచిదని దీనివల్ల తెలియటం లేదూ?

ఇన్ని అవకాశాలు ఉన్నవి గనకనే పెద్దవాళ్లు కూడా దీన్ని వదలలేకపోతున్నారు. 2008లో తాజ్‌మహల్ నమూనా కట్టుకునే పెట్టె ఒకటి వచ్చింది. అందులో 5,922 ముక్కలు. 2022లో వచ్చిన ఈఫెల్ టవరు పెట్టెలో 10,001 ముక్కలు. కట్టటం పూర్తయితే అది 149 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అయితే పెట్టెలో ఇచ్చిన పటం చూసి కట్టటంతో తృప్తిపడనివారూ ఉన్నారు. ఎలెన్ కూయ్‌మన్ అనే భూరసాయన శాస్త్రవేత్త, ఆడవాళ్లు శాస్త్రజ్ఞులుగా ఉన్న బొమ్మలు అరుదని గమనించి, తానే నమూనాలు కల్పించింది. వేలాది మంది బలపరిచారు. 2014లో ఆ పెట్టె అమ్మకానికి వచ్చింది. అందులో ఖగోళ శాస్త్రజ్ఞురాలూ, రసాయన శాస్త్రజ్ఞురాలూ, పురాజీవ శాస్త్రజ్ఞురాలూ ఉన్నారు. అమెరికాలో ఆండ్రూ కారల్ అనే ఇంజనీరు మరో వింత చేశాడు. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకులు గ్రహణాలు లెక్కకట్టటానికి పళ్లచక్రాల యంత్రం ఒకటి చేసుకున్నారు. అది 1901లో సముద్రంలో మునిగిన ఓడలో దొరికింది. కారల్ 2010లో లెగో పళ్లచక్రాలు వందకు పైగా కూర్చి, ఆ లెక్కలు కట్టగల యంత్రం తయారుచేశాడు!

మరికొందరున్నారు. పెట్టెలు కొని, విప్పకుండా బీరువాలో పెట్టుకుంటారు. తయారీ ఆగిపోయిన పెట్టెకు ధర పెరుగుతుందని వాళ్ల ఆశ. ఎవరి సరదా వారిది. నేను వాళ్లను తప్పుపట్టను. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అంతకంత మూర్ఖంగా ప్రవర్తించాను.

నా మొదటి భవనం ఒక బడి. ఎర్రటి గోడలూ, వసారా, గంట వేలాడే కొయ్యా అన్నీ పెట్టి ఎనిమిది సాయంత్రాలు కూచుని కట్టాను. ఇటుకలు మా మనవడివి. అయినా, "దీన్నెవరూ ముట్టుకోకూడదు" అని వాడితోనే చెప్పాను! ఒక ఆదివారం నాడు పక్కింటివారికి చూపిద్దామని దాన్ని ఎత్తేసరికి, ముందుగోడ పైనుంచి కిందిదాకా నిలువునా చీలి, సగం బడి నేలపాలైంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరురా దీన్ని కదిలించింది?" అని నలుగురిలోనూ వాణ్ణి కేకలేశాను. "నేను కాదు తాతయ్యా" అన్నాడు. "అబద్ధాలు కూడానా?" అన్నాను. వాడు మరి మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

మా ఎదురుగా ఒక ఇల్లు కడుతున్నారు. వాడు వెళ్లి అక్కడ ఇసుక కుప్ప మీద కూచుని, తాపీమేస్త్రి గోడ కట్టటం చూస్తూ ఉండిపోయాడు. గంట గడిచాక వచ్చి, నాకు కాస్త దూరంగా నిలబడి, "తాతయ్యా! మేస్త్రి రెండు ఇటుకల సందు మీద మూడో ఇటుక నడుమ వచ్చేట్టు పెడుతున్నాడు. నువ్వు సందు మీద సందు పెట్టావు" అన్నాడు.

నేను నేల మీద పడి ఉన్న గోడను చూశాను. నిజమే! ప్రతి వరుసలోనూ ఇటుకలు ఒకదాని నెత్తిన ఒకటి సరిగా పేర్చాను. కింది నుంచి పైదాకా ఒకటే సందు. బుడిపెలు పై ఇటుకనూ, కింది ఇటుకనూ పట్టుకుంటవే గాని, పక్క ఇటుకను పట్టుకోవు. పక్కవాటిని కలిపి పట్టవలసింది వాటి రెంటి మీదా కూచునే పై ఇటుకే. ఊళ్లో ప్రతి తాపీమేస్త్రికీ తెలిసిన ఈ సంగతి నాకు తట్టలేదు. గోడ ఎవరూ కదల్చకుండానే చీలిపోయేదే.

"తప్పు నాదిరా. నువ్వు అబద్ధమాడలేదు. నిన్ను ఊరికే అన్నాను" అన్నాను. పక్కింటివారి ముందు కోప్పడ్డాను గనక, వారిని పిలిచి వారి ముందు కూడా ఆ మాటే చెప్పాను. నిజం చెప్పాలంటే, బడి కట్టటం కన్న అది నాకు కష్టమైంది.

ఆ సాయంత్రం ఇద్దరమూ కలిసి గోడ మళ్లీ కట్టాం. ఈసారి మేస్త్రి వాడు, కూలి నేను. బడిని ఎత్తి ఇల్లంతా తిప్పాం. ఒక్క ఇటుక ఊడలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటున్నది. ఏ కట్టడమైనా నెల్లాళ్లు అల్మారా మీద ఉంటుంది. నెల నిండగానే ఇద్దరమూ దాన్ని విప్పి, రంగుల వారీగా డబ్బాల్లో వేసి, మరొకటి మొదలుపెడతాం. మొన్న ఆ బడిని విప్పితే వచ్చిన ఇటుకలతో మావాడు వంతెన కడుతున్నాడు. దాని కింద స్తంభాలు ఎన్ని పెట్టాలనే దాని మీద మా ఇద్దరికీ ఇంకా వాదం తెగలేదు.