మీకు తెలుసా? అణుబాంబు తేదీ వెనక ఉన్న లెక్క

పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందని మాచర్లలో అడిగినా, గురజాలలో అడిగినా కోడిపందెం గురించే చెబుతారు. తగవు పుంజులది కాదు, గద్దెది అని ఆ చెప్పేవాళ్లకూ తెలుసు. పందెంలో ఓడి ఏడేళ్లు వలసపోయిన మలిదేవరాజు తరఫున, గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజు రాయబారిగా వచ్చాడు. అతనికి విషం పెట్టారని కథ. కారెంపూడిలో కత్తులు దూసింది ఆ తర్వాతే.

పైకి చెప్పే కారణాన్ని అంత తేలిగ్గా నమ్మని పల్నాటి పాఠకులు 1945 క్యాలెండరు ఒకసారి తిరగేయాలి.

ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. జపాన్ గడ్డ మీద దిగి పోరాడితే తమ సైనికులు లెక్కలేనంతమంది పోతారు, అందుకే వేశామని అమెరికా చెప్పింది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ దిగడానికి పెట్టుకున్న ముహూర్తం నవంబరు 1. మరి ఆగస్టులోనే ఎందుకంత తొందర?

జర్మనీ లొంగిపోయిన రెండు మూడు నెలల్లో తానూ జపాన్ మీద యుద్ధానికి దిగుతానని స్టాలిన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో యాల్టాలో మాటిచ్చాడు. జర్మనీ లొంగింది మే 8న. మూడు నెలలు కలిపితే ఆగస్టు 8. సరిగ్గా ఆ రోజే సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది! రష్యా సైన్యం వచ్చి గెలుపులో వాటా అడిగేలోపే జపాన్‌ను లొంగదీయాలన్న ఆత్రం అమెరికా నాయకుల్లో కొందరికైనా ఉందని చాలామంది చరిత్రకారుల మాట. మే నెలాఖరులో శాస్త్రవేత్త లియో జిలార్డ్, కొద్ది వారాల్లో విదేశాంగ మంత్రి కాబోతున్న జేమ్స్ బర్న్స్‌ను కలిశాడు. బాంబు చేతిలో ఉంటే యూరప్‌లో రష్యా చెప్పిన మాట వింటుందన్నది బర్న్స్ ఆలోచనట. జిలార్డే ఆ తర్వాత ఈ సంగతి బయటపెట్టాడు.

అన్నిటికీ రాజకీయమే కారణమనీ అనలేం. ఆగస్టు 9న నాగసాకి మీద పడిన రెండో బాంబు మొదట 11న వేయాలనుకున్నది. వాతావరణం చెడిపోతుందని సైనికాధికారులే ముందుకు జరిపారు. జపాన్ కూడా అమాయకపు దేశమేం కాదు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు కురిపించింది ఆ దేశమే.

ఇక అసలు విడ్డూరం. చక్రవర్తి పీఠం ఉండనిస్తామని ఒక్క మాట చేరిస్తే జపాన్ త్వరగా దిగివస్తుందని అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ సూచించాడు. జపాన్‌ను లొంగిపొమ్మన్న జులై 26 నాటి పోట్స్‌డామ్ ప్రకటనలో ఆ మాట తీసేశారు. రెండు నగరాలు బూడిదయ్యాక ఆ పీఠాన్ని ఉండనిచ్చారు. హిరోహిటో 1989 జనవరిలో కన్నుమూసేదాకా చక్రవర్తిగానే ఉన్నాడు.