ఆదివారపు గుడ్లు

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలిన తరువాత దాదాపు పదేళ్లపాటు అమెరికాను కుంగదీసిన ఆర్థిక సంక్షోభాన్ని చరిత్రకారులు మహామాంద్యం అంటారు. 1933 నాటికి పనిచేయగలవారిలో సుమారు నలుగురికి ఒకరు నిరుద్యోగులు కాగా, పత్తి ధర పడిపోయిన దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో రైతు చేతిలో డబ్బు ఆడడమే గగనమైంది. ఆ పల్లెల బాప్టిస్టు, మెథడిస్టు చర్చిలను నిలబెట్టడంలో ఇల్లాలి చెమట ఎంత ఉందో ఆమె ఆదివారాన్ని చూస్తే అర్థమవుతుంది.

విశ్రాంతి దినమని పేరేగానీ, దానికోసం ఆమె శనివారం నుంచే నడుం బిగించవలసి వచ్చేది. 1930ల మధ్యకాలంలో పదింట ఒక రైతు ఇంటికి మాత్రమే కరెంటు ఉండడంతో, నీళ్లు కాచి రేకు తొట్టిలో పిల్లలందరికీ వరసగా తలంటి, ఒకటి చల్లారేలోగా మరొకటి కాగేలా రెండు ఇనుప ఇస్త్రీపెట్టెలను కట్టెలపొయ్యి మీద మార్చుకుంటూ గంజిపెట్టిన బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ బట్టల్లో చాలావరకు పిండి, కోళ్లదాణా వచ్చిన నూలుసంచులతో కుట్టినవే. వ్యాపారులు పువ్వుల అచ్చు సంచులు తెచ్చాక, ఒక గౌనుకు ఒకే అచ్చువి మూడు దాకా కావలసి రావడంతో, దాణా కొనే భర్తకు ఏ పువ్వు తేవాలో ముందే చెప్పి పంపేది. సంచి మూతి కుట్టిన దారాన్ని సైతం తెగకుండా లాగి ఉండ చుట్టి దాచుకునేది.

ఒకే పాస్టరు మూడు నాలుగు చర్చిలు చూసుకోవడం వల్ల నెలకు ఒకటి రెండు ఆదివారాలే ప్రసంగం ఉండేది. పిల్లలకు బైబిలు నేర్పే సండే స్కూలు మాత్రం ప్రతి వారమూ సాగేది. పాస్టరు భోజనానికి వచ్చిన రోజు కోడిని కోయవలసిందే, పెద్దలు తిని లేచేదాకా పిల్లలు ఆగవలసిందే. జీతమివ్వలేని సంఘాలు తలా ఒక పౌను పంచదారో, వెన్నో, బీన్సో తెచ్చి పాస్టరు ఇంటికి చేర్చే ఆచారాన్ని 'పౌండింగ్' అనేవారు.

గుడ్లు అమ్మిన డబ్బు సాధారణంగా ఆమె చేతి ఖర్చుకే ఉండేది. అందులోనూ ఆదివారం పెట్టిన గుడ్లను చాలామంది స్త్రీలు మిషను కానుకగా, అంటే చర్చి సాగించే సువార్త, సేవా పనుల కోసం, విడిగా తీసిపెట్టేవారు. ఉప్పుకూ, కిరసనాయిలుకూ ఆ గుడ్లే ఆధారమైన ఇంట్లో అది నిజమైన త్యాగం.

నల్లజాతి స్త్రీల ఆదివారం ఇంకా బరువైనది. శ్వేతజాతి ఇళ్లలో వంటకు కుదిరినవారికి యజమానుల భోజనాలు ముగిసి, గిన్నెలు తోమాకగానీ తమ చర్చికి వెళ్లే తీరిక చిక్కేది కాదు.

స్త్రీల కానుకల మీద ఆధారపడిన ఈ మిషను ఆనవాయితీ మాంద్యానికి చాలా ముందే తెలుగునాటికీ చేరింది. అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో స్త్రీల కోసం 1898లో తెరిచిన ఆసుపత్రి వెనక ఉన్నది అమెరికా లూథరన్ స్త్రీల సంఘాలు పోగుచేసిన చందాలే.