సరుకుల చీటీకి రెండు వరుసలు

మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్నా మా వంటల నోటుపుస్తకం అత్తగారి కొలతల్లోనే ఉంది: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. దాంతో ఇబ్బంది లేదు. చిక్కల్లా సరుకుల చీటీతోనే. ఇక్కడి కొట్లో ఆవాలను 'కడుగు' అనాలి. తెనాలి నుంచి వచ్చిన కొత్తకోడలు చీటీలో ఆ మాట చూసి "ఏం కడగాలత్తయ్యా?" అంది! మనవలది తలకిందులు, వాళ్ళకు వెందయం తెలుసు, మెంతులు తెలియవు.

అందుకే ఆదివారంనాడు వారానికి సరిపడా వంటలు అనుకున్నాక, చీటీని వాళ్ళచేతే రెండు వరుసల్లో రాయిస్తున్నాను: మినప్పప్పు – ఉళుందు, ఇంగువ – పెరుంగాయం. ధనియాలకు ఒట్టి 'కొత్తమల్లి' అని రాస్తే కొత్తిమీర కట్ట చేతిలో పెడతారు, 'విదై' చేర్చాలి. తమిళం వరుస కొట్టుకు వెళుతుంది, తెలుగు వరుస కత్తిరించి డబ్బాలకు అంటిస్తాం.

ఆవకాయ రోజులకు వేరే పేజీ. అందులోని 'నల్లెణ్ణెయ్' నల్లనిదనుకునేరు, అది మన మంచినూనే, నువ్వులనూనె.